భల్లూకరావు బంకులో కూలి ఖర్చు

ఒక పెద్ద అడవిలో, సరిగ్గా ఘాటురోడ్డు ఎక్కేచోట, భల్లూకరావు అనే ఎలుగుబంటికి పెట్రోలు బంకు ఉండేది. ఏనుగుల లారీలు, దుప్పుల మోపెడ్లు, ముళ్లపందుల ఆటోలు అన్నీ అక్కడ ఆగాల్సిందే. ఎండలో నిలబడి పోసేది కొండముచ్చులు. ఫ్యాను కింద కూర్చుని గల్లాపెట్టె చూసుకునేది భల్లూకరావు.

ఆయనకు ఒకటే బాధ. కొండముచ్చులు ఏటా జీతం పెంచమనేవి. గుహకు పాలరాయి వేయించినప్పుడు తెలియని నొప్పి ఆ మహానుభావుడికి జీతాల రోజున మాత్రం తెలిసేది.

అలాంటి సమయంలో పట్నంలో చదువుకొచ్చిన కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి, గోడకు గీతల కాగితం తగిలించింది.

"చూడండి సార్. మీ తాతగారి కాలంలో కొండముచ్చు కూలి రెండు సీతాఫలాలు. మీ నాన్నగారి కాలంలో బుట్టెడు. ఇప్పుడు నోట్లు, పైగా పండక్కి బోనసు. గీత ఇలాగే పైకి పోతే మీరు బంకు మూసుకోవాలి."

తాతగారి కాలంలో లీటరు ఎంతకు అమ్మారో కొంగ చెప్పలేదు. భల్లూకరావు అడగలేదు. ఆయనకు అప్పటికే చెమటలు పట్టేశాయి.

"ఏం చెయ్యమంటావయ్యా?"

"ఎవరి బండికి వాళ్లే పోసుకుంటారు సార్. ఇప్పుడదే నాగరికత."

మర్నాడే కొండముచ్చుల్ని పిలిచి ఇక రావద్దన్నాడు.

"అయ్యగారూ, పిల్లల ఫీజులు కట్టాల్సిన నెలండీ," అంది పెద్ద కొండముచ్చు.

"నన్ను చూడకు, ఆ గీతను చూడు," అని గోడ చూపించాడు. సిగ్గు లేకుండా ఆ మాటే అన్నాడు.

ఎవరికి వాళ్లు పోసుకోవడం మొదలైంది. ముళ్లపంది తన పెట్రోలు ఆటోలో డీజిలు పోసుకుని, ఇంజను పోయిందని బంకు ముందు ధర్నాకు కూర్చుంది. దుప్పులైతే పోసుకున్న వెంటనే డబ్బు కట్టకుండా పరుగో పరుగు.

కొంగ దగ్గర మందు సిద్ధంగా ఉంది. కాపలాకు రేసుకుక్క. రేసుకుక్క నిద్రపోకుండా చూడ్డానికి నక్క. ఫిర్యాదులు వినడానికి ఊసరవెల్లి.

"వీళ్ల జీతాలు కొండముచ్చులకంటే ఎక్కువే కదయ్యా," అని గొణిగాడు భల్లూకరావు.

"వీళ్లు కూలివాళ్లు కారు సార్, ఆఫీసర్లు. ఆఫీసర్ల జీతం కూలి ఖర్చులోకి రాదు," అంటూ కొంగ గీతను కిందికి దించింది. భల్లూకరావు మురిసిపోయాడు.

ఆ మురిపెం ట్యాంకరు వచ్చేదాకే. సరుకుకు కట్టడానికి గల్లాలో డబ్బు చాల్లేదు. నెలాఖరులోగా కట్టకపోతే బంకు వేరేవాళ్లకు ఇచ్చేస్తామంది కంపెనీ. కాస్త గొట్టం పట్టుకోండర్రా అని ఆఫీసర్లను అడిగితే, అది తమ హోదాకు తగదని రాజీనామాలు మొహాన కొట్టి, జీతాలు వసూలు చేసుకుని మరీ పోయారు. కొండముచ్చుల్ని బతిమాలదామని బయల్దేరితే, అవి ఎప్పుడో కొండ అవతల అడవిపంది బంకులో మంచి జీతానికి చేరిపోయాయి. లారీలు కూడా అటే తిరిగాయి.

దిక్కులేక భల్లూకరావే గొట్టం పట్టుకున్నాడు. ఎర్రటి ఎండ, ఒళ్లంతా బొచ్చు.

అటు తిరగకుండా ఇటే వచ్చిన ఏనుగు ఒకటి లారీలోంచి తల బయటపెట్టింది. "ఏంట్రా ఇంతసేపు? మీ ఓనర్ని పిలువు."

"నేనేనండి ఓనర్ని."

"ఓనరైతే ఎండలో ఎందుకు చస్తాడ్రా? మాటలాపి పొయ్యి."

భల్లూకరావు గొట్టం పెట్టి పోశాడు. అంతలో కొంగ కొత్త కాగితంతో వచ్చింది. అందులో గీత నేలకు తాకింది.

"అభినందనలు సార్. మీకు మీరు జీతం ఇచ్చుకోవట్లేదు కాబట్టి కూలి ఖర్చు పూర్తిగా పోయింది. నా ఫీజు ఇప్పిస్తే బయల్దేరతాను. అడవిపందిగారు రమ్మన్నారు."

ఇందులో ఎవరికైనా నీతి కావాలంటే ఇదీ: కూలి ఖర్చు తగ్గించడం ఏమంత కష్టం కాదు, యజమాని కూలివాడైతే చాలు.