వన్‌టౌన్ అరుగుకి వారసత్వ హోదా

"దేశంలో సామరస్యం ఎక్కడుందో మా శాఖ కనిపెట్టింది!" అని మంత్రిగారు మైకులో ప్రకటించారు. అది విజయవాడ వన్‌టౌన్‌లో, మా వీధిలోనే ఉందట. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తెలియనందుకు సిగ్గేసింది.

అది ఉన్న చోటు శౌరమ్మ పిన్ని ఇంటి అరుగు. సాయంత్రమైతే పిన్ని అక్కడ పునుగులు వేస్తుంది. ఆవిడ బతుకంతా ఆ బాండీ మీదే. గుడికెళ్లేవాళ్లు, నమాజుకెళ్లేవాళ్లు, మార్వాడీ సేట్లు, అందరూ అక్కడే చేరతారు. ఎదురింటి హనుమయ్యగారు భవానీ మాల వేస్తే, తీసేదాకా పిన్ని పిండిలో ఉల్లిపాయ పడదు. పిన్ని క్యాథలిక్కు. ఈస్టర్ ముందు తపస్సుకాలం శుక్రవారాల్లో మాంసం ముట్టదు. ఆ రోజుల్లో హనుమయ్యగారింట్లో కోడికూర పొయ్యెక్కదు, ఆ వాసనకి ఆవిడ నోరూరుతుందని. ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే జరిగిపోతున్నాయి. మంత్రిగారు చలించిపోయారు.

"ఇంత సామరస్యానికి ఒక్క స్కీమ్ కూడా లేదా?"

స్కీమ్ వచ్చింది. వెనకే ప్రత్యేకాధికారి వెంకటకృష్ణారావుగారు వచ్చారు. మహా చురుకైన మనిషి.

"ఈ అరుగు చూడ్డానికి టూరిస్టులొస్తారు. బస్సు తిరగాలి కదా, అడ్డంగా ఏముందయ్యా?"

"అరుగేనండి," అన్నారు హనుమయ్యగారు.

"తీసేయండి."

పిన్ని చేతిలో పిండి చేతిలోనే ఉంది. "బాబూ, అరుగు పోతే నేనెక్కడ కూర్చుని వేసుకోనండీ? నాకింకో పని రాదండీ."

"మీ కళని శాశ్వతం చేస్తున్నామమ్మా. కాస్త కోఆపరేట్ చేయాలి."

మర్నాడు జేసీబీ వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. పక్కనే ఫొటోగ్రాఫర్ ఉన్నాడు కాబట్టి నవ్వాను.

వీధి మలుపులో పార్కు వెలిసింది. అందులో ఫైబర్ అరుగు, ఫైబర్ పిన్ని, ఫైబర్ బాండీ. పక్కన మాల వేసుకున్న ఫైబర్ హనుమయ్యగారు. బొమ్మల చేతుల్లో పునుగులు మాత్రం భలే కుదిరాయి.

"మాయమైపోతున్న సంస్కృతిని మన ప్రభుత్వం కాపాడింది!" అని మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారు. మేం చప్పట్లు కొట్టాం.

పిన్నిని ప్రత్యేకంగా పిలిచారు గానీ కుర్చీ వేయడం మరిచారు. బెజవాడ ఎండ. ఎంతసేపని నిలబడుతుంది? వెళ్లి ఫైబర్ అరుగు అంచున కూలబడింది. సెక్యూరిటీ అతను విజిలేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"లెగండమ్మా, లెగండి! దీని మీద పబ్లిక్ కూర్చోకూడదు."

పిన్ని బొమ్మ వైపు చెయ్యి చూపించింది. "అది నేనేనయ్యా."

అతను బొమ్మని చూశాడు. పిన్నిని చూశాడు.

"ఆవిడకి పర్మిషనుందండీ."