నీళ్లు ఆపే మనిషి

ఆ గురువారం ఉదయం విల్ఫ్ ఓల్డ్‌రాయిడ్ వేసుకున్న పథకం పెద్దదేమీ కాదు. ఫైలీ ఊళ్లో సముద్రపు ఒడ్డున పికర్స్‌గిల్ గారి లాడ్జికి ముందువైపు కిటికీలన్నీ కడిగెయ్యాలి. తర్వాత వ్యానులో కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగి, భార్యకు ఫోన్ చేసి ఒక్క మాట అనాలి: "ఇంటికొచ్చెయ్, బెరిల్." పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంతో ఆ మాట బాగానే అనగలిగాడు. చిక్కల్లా, ఫోన్లో బెరిల్ గొంతు వినబడగానే ఆ మాట లోపలే ఉండిపోయి, "ఇక్కడంతా బాగానే ఉంది" అనే మాట బయటికి వచ్చేది.

బెరిల్ బ్రిడ్లింగ్టన్‌లో అక్క దగ్గరికి వెళ్లి వేసవి మొత్తం గడిచిపోయింది. అక్క ఎడ్నా మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. "కాస్త లేచి తిరగ్గానే వచ్చేస్తా" అని వెళ్లిన మనిషి ఇంకా రాలేదు. బస్సెక్కితే గంట కూడా పట్టని ఊరది. ఆదివారాలు విల్ఫ్ బస్టాపు దాకా నడిచేవాడు. బస్సు వచ్చేది, తలుపు తెరుచుకునేది, మూసుకునేది, వెళ్లిపోయేది. అతను ఇంటికి తిరిగొచ్చి, చెయ్యి అలవాటుకొద్దీ రెండు కప్పుల్లో టీ పోసేవాడు. ఒకటి తాగి, రెండోది చల్లారేదాకా చూసి, దాన్నీ తాగేవాడు.

ఇద్దరికీ గొడవేం జరగలేదు. జరిగిందల్లా ఒక డబ్బా. ఎన్నో ఏళ్లుగా వాళ్లది జంట పని. విల్ఫ్ నీళ్ల గడ పట్టుకునేవాడు. దాని పొడవునా సన్నటి పైపు, కొసన బ్రష్షు. నేల మీద నిలబడే అటక కిటికీ దాకా కడిగెయ్యొచ్చు. బెరిల్ వ్యాను దగ్గర ట్యాంకూ మోటారూ చూసుకునేది. ఉప్పు పేరుకున్న అద్దానికి ధార ఎక్కువ, పాత చెక్క చట్రానికి తక్కువ. అతను "వదులు" అంటే వదిలేది, "చాల్లే బెరిల్" అంటే కట్టేసేది. రానురాను అరవాల్సిన పని కూడా లేకపోయింది. అతని భుజం కదలిక చూసి ఎన్ని నీళ్లు కావాలో తెలుసుకునేది.

పోయిన చలికాలం ఆమె వేళ్లు వాచిపోయాయి. అది చూడలేక విల్ఫ్ ఒక కంట్రోలు డబ్బా కొనుక్కొచ్చాడు. నీళ్ల వేగాన్ని అదే చూసుకుంటుంది. గడ దగ్గర కుళాయి కట్టేస్తే పైపులో ఒత్తిడిని పసిగట్టి మోటారును ఆపేస్తుంది. "ఇక నువ్వు చలిలో నిలబడక్కర్లేదు" అన్నాడు గర్వంగా. బెరిల్‌కు అందులో "నువ్వు అక్కర్లేదు" అన్నంతవరకే వినిపించింది. "మంచిదేగా" అంది. ఆ తర్వాత అక్క జారిపడింది.

ఇప్పటికీ పై కిటికీ పూర్తవగానే విల్ఫ్ వెనక్కి చూడకుండా "చాల్లే బెరిల్" అంటాడు. డబ్బా పలకదు.

ఆ రోజు డబ్బా మరీ మొండికేసింది. చలికి పైపు బిరుసెక్కడంతో, కుళాయి తెరిచే ఉన్నా మూసేశారనుకుని మోటారును మాటిమాటికీ ఆపేస్తోంది. విసుగెత్తి విల్ఫ్, ఎంత ఒత్తిడి వస్తే ఆగాలో చెప్పే అంకెను చివరిదాకా పెంచేశాడు. నీళ్లు భేషుగ్గా వచ్చాయి. గడను అటకదాకా లేపి బ్రష్షు ఆనించాడో లేదో, ఉన్ని టోపీ కింద చెవికి పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో ఫోన్ మోగింది. బెరిల్!

"ఏం చేస్తున్నావ్?"

"పనే. పికర్స్‌గిల్ గారి అటక కిటికీ. ఇక్కడంతా బాగానే ఉంది."

"మోటారేంటి అలా ఏడుస్తోంది?"

"మోటారు కాదు, గాలి."

"నాకా చెప్తున్నావ్? డబ్బా అంకె పెంచావా?"

"అబ్బే."

ఆమె వైపు టింగుమని గంట మోగింది. "అదేంటి?" అన్నాడు.

"ఓవెన్. కేకు పెట్టా."

"ఎడ్నా లేచి తిరుగుతోందా?"

"ఎక్కడ తిరుగుతుంది పాపం!" అంది బెరిల్. "విల్ఫ్, నీకో సంగతి చెప్పాలి."

ఆ గొంతులో ఏదో మెత్తదనం ఉంది. నీళ్ల చప్పుడులో ఒక్క అక్షరం కూడా పోగొట్టుకోవడం ఇష్టంలేక విల్ఫ్ గడ దగ్గరి కుళాయి కట్టేశాడు. కుళాయి మూసుకుంది. మోటారు ఆగలేదు.

"ఏమయ్యా విల్ఫ్!" గుమ్మంలోంచి పికర్స్‌గిల్ గారు కేకేశారు. ఆ రోజు పూల సంఘం ఆడవాళ్లను టీకి పిలిచి, వరండాలో కేకులు సర్దుతున్నారావిడ. "నీ పైపు కొండచిలువలా ఉబ్బిపోతోందేమయ్యా!"

అతను తల తిప్పేలోపే గడ మొదట్లో అతుకు టప్పున ఊడిపోయింది. పైపు కొస గాల్లోకి లేచి, రోడ్డును ఒకసారి, వరండాను ఒకసారి తడిపి, తిన్నగా కేకుల మీద పడింది.

విల్ఫ్ పరిగెత్తలేడు. మూడంతస్తుల గడ గాలికి ఊగుతూ అతని రెండు చేతుల్లో ఉంది. వదిలితే ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు.

"ఆ అరుపులేంటి?" అంది బెరిల్.

"సీగల్స్, పిల్లా."

పికర్స్‌గిల్ గారు తెగించి పైపు కొసను రెండు చేతులా ఒడిసిపట్టి, ఇంట్లోకి నీళ్లు రాకుండా గేటు వైపు తిప్పారు. సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని సంఘం అధ్యక్షురాలు విన్‌థ్రోప్ గారు, ఈకల టోపీతో లోపల అడుగు పెట్టారు.

"నా టోపీ! అయ్యో, నా టోపీ!"

"సీగల్స్ 'నా టోపీ' అంటున్నాయేం, విల్ఫ్?"

"ఫైలీ సీగల్స్ కదా. చదువుకున్నవి."

"కావాలనే కొట్టావ్!" అని విన్‌థ్రోప్ గారు అరిచారు. "పోయినేడు డేలియా పూల పోటీలో కప్పు నాకొచ్చిందని నీకు కుళ్లు!"

"కుళ్లెందుకు? ఆ పూలు నర్సరీలో కొన్నవని ఊరంతా తెలుసు!" పికర్స్‌గిల్ గారు ఈసారి నిజంగానే కావాలని పైపు ఎత్తారు.

"అమ్మా! పోట్లాట తర్వాత!" విల్ఫ్ గొంతు చించుకున్నాడు. "వ్యాన్లో డబ్బా ఉంది, దాని మీట కిందికి నొక్కండి!"

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" అంది బెరిల్.

"రేడియోతో."

పికర్స్‌గిల్ గారు పైపు పారేసి వ్యానులో దూరి మీట కిందికి నొక్కారు. విల్ఫ్ మర్చిపోయిన విషయం ఒకటుంది. ఆ డబ్బాను బిగించింది తనే. అదీ తలకిందులుగా. మోటారు కూత పెంచింది. గేటు దగ్గర పడున్న పైపు ఎగిరి, ధార రోడ్డు దాటి, మూల తిరిగి వస్తున్న బస్సు ముందద్దాన్ని కొట్టింది. బస్సు కీచుమంటూ ఆగింది. హారను మోగింది.

"ఎవడయ్యా అక్కడ! కళ్లు కనబడట్లా?" అని డ్రైవరు కేకేశాడు.

ఆ కేక విల్ఫ్‌కు రెండుసార్లు వినిపించింది. గాల్లోంచి ఒకసారి, చెవిలోని ఫోన్లోంచి ఒకసారి.

"బెరిల్," అన్నాడు మెల్లగా, "మీ అక్క వంటింట్లో బస్సు డ్రైవరుకేం పని?"

ఫోన్లో ఇందాకటి ఓవెన్ గంటే మళ్లీ టింగుమంది.

"దిగుతున్నా," అంది బెరిల్.

చేతిలో పెట్టె పట్టుకుని, బస్సు దిగి, ఎవరి వైపూ చూడకుండా నడిచొచ్చింది. వ్యాను పక్కన పైపును రెండు చేతులా పట్టుకుని, గొంతు నులిమినట్టు మడిచేసింది. నీళ్లు ఆగిపోయాయి. పికర్స్‌గిల్ గారిని వ్యానులోంచి దింపి, తను ఎక్కి మోటారు కట్టేసింది. వీధంతా ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, గడ పైనుంచి రాలుతున్న చుక్కలు కూడా వినిపించాయి.

విల్ఫ్ గడను ఒక్కో మడతా దించుతూ నిలబడ్డాడు. ఫోన్లో ఇన్నాళ్లూ విన్న గొంతుకు ఇప్పుడు ముఖం ఉంది. కాస్త చిక్కింది. జుట్టు వేరేగా దువ్వుకుంది.

"ఎడ్నా ఎలా ఉంది?" అన్నాడు, ఇంకేం అడగాలో తెలియక.

"దానికేం? నడివేసవికే లేచి తిరిగింది. ఇప్పుడు డాన్సులకి కూడా పోతోంది. నిన్న నా పెట్టె తనే సర్ది గుమ్మంలో పెట్టేసింది."

"మరి ఇంకా నొప్పులంటూనే ఉన్నావుగా?"

"నువ్వు అంతా బాగానే ఉందంటూనే ఉన్నావుగా! బాగానే ఉన్న చోటికి నేనెందుకు రావడం? రోజూ పొద్దున్నే అక్క ఇంటి కిటికీ దగ్గర కూర్చుని, ఇప్పుడు ఏ వీధిలో ఉంటావో అనుకునేదాన్ని. ఏ ఇంటికి ఎంత నీళ్లు వదులుతున్నావో అనుకునేదాన్ని."

"నీ వేళ్లు వాచాయని కదా ఆ డబ్బా కొన్నాను."

"వేళ్లు వాస్తే చేతికి తొడుగులు కొంటారు విల్ఫ్. మోటారుకి మొగుణ్ణి కొనరు."

విల్ఫ్ గడను నేల మీద పెట్టాడు. టోపీ తీశాడు. పొద్దున అద్దంతో అన్న మాటే ఈసారి ఆమెతో అన్నాడు.

"ఇంటికొచ్చెయ్, బెరిల్. నువ్వు లేకపోతే టీ కూడా చేదుగా ఉంది."

బెరిల్ తడిసిన రోడ్డు వైపు చూసింది. తర్వాత అతని వైపు చూసింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యెత్తి, అది నిండా తడిగా ఉందని గుర్తొచ్చి అతని స్వెట్టరుకే ముఖం తుడుచుకుంది. అక్కణ్ణుంచి తల తియ్యలేదు.

వరండాలో పికర్స్‌గిల్ గారూ విన్‌థ్రోప్ గారూ తడి బట్టల్లో పక్కపక్కనే నిలబడి, కప్పు సంగతి కాసేపు పక్కన పెట్టి, ముక్కులు ఎగబీల్చారు. బస్సులో ఉన్నవాళ్లంతా అద్దాలకు ముఖాలు ఆనించి చూస్తున్నారు. డ్రైవరు హారను మీద చెయ్యి వెయ్యబోయి, తీసేశాడు.

ఆ సాయంత్రం డిపోలో ఆలస్యం ఎందుకైందని అడిగితే, "ఒకావిడ దిగడానికి కాస్త టైం పట్టింది," అన్నాడట.