సుంకిరెడ్డి మింగిన మూడు మాత్రలు

మండలాలు కొత్తగా వచ్చిన ఏడాది అది. పెద్దముడియం దగ్గరి పల్లెలో సుంకిరెడ్డి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. దద్దుర్లకు ఒక మాత్ర మింగాలి, పదకొండుకు జీపెక్కాలి, మూడులోగా జమ్మలమడుగులో మండలాధ్యక్ష పదవికి నామినేషన్ వెయ్యాలి. అదే ఆఖరి రోజు. దద్దుర్లు మాత్రం ప్రచారంలో మెడనిండా పడిన బంతిపూల దండల పుణ్యం.

అయితే ఆ ఇంట్లో రెడ్డి నోట్లోకి పోయేదేదైనా ముందు నమ్మినబంటు సత్యానందం నోట్లోకి పోవాలి. ఇరవై ఏళ్ళ పార్టీ పగల్లో పుట్టిన ఆచారమది. సంగటైనా మజ్జిగైనా సత్యానందం తిని గంటసేపు అరుగు మీద కూర్చుంటాడు. బతికుంటే రెడ్డి తింటాడు. వేడివేడిగా వండాలన్న కోరిక రెడ్డి భార్య పార్వతమ్మకు ఎప్పుడో చచ్చిపోయింది. మాత్రకు మినహాయింపు ఉండాలని ఎవరికీ తోచలేదు.

"నాకు దురద లేదు గదప్పా," అన్నాడు సత్యానందం.

"నీకు దురదుండాదా లేదా అని విషం అడుగుతాదా? మింగు."

ఎనిమిదింటికి మింగాడు. తొమ్మిదికల్లా అరుగు మీద ఒరిగిపోయాడు. ఎంత పిలిచినా పలకలేదు.

"విషం పెట్టినారు!" అని రెడ్డి లేచాడు.

"గురక పెడతాండాడు గదా," అంది పార్వతమ్మ.

"విషం తిన్నోడు ఎట్ట గురక పెడతాడో నీకేం తెలుసు?"

నిజమే, ఆమెకు తెలియదు. ఒక జీపు డాక్టరు హుమాయున్ కోసం, మరొకటి మాత్రలమ్మిన అంగడివాని కోసం ప్రొద్దుటూరికి పరుగెత్తాయి. దోవలో టీ తాగిన ప్రతిచోటా మనుషులు సంగతి చెప్పారు. "రెడ్డికి విషం పెట్టినారు" అని బయలుదేరిన మాట, జమ్మలమడుగు చేరేసరికి "రెడ్డి పోయినాడు" అయింది.

పదకొండుకు వచ్చిన డాక్టరు నాడి చూసి, కనురెప్పలెత్తి చూసి, నవ్వాడు.

"నిద్ర రెడ్డీ, వట్టి నిద్ర. దురద మాత్రకు మత్తుంటాది. తిన్న మందు నేరుగా కార్జం, అదే లివరు, కాడికి పోతాది. కార్జం తిరగలి మాదిరి. మందును పిండి చేసి ఒంట్లోంచి బయటికి తోస్తాది. ఒకరి తిరగలి జోరుగా తిరుగుతాది, ఇంకొకరిది నిదానం. ఇతనిది శానా నిదానం."

"మరి నాది? ముప్పై ఏండ్లుగా సారా తాగుతాండా."

"సారా మొదట్లో తిరగలిని దౌడు తీయిస్తాది. ముప్పై ఏండ్లయితే రాళ్ళే అరిగిపోతాయి. మీరు అర మాత్రతో సరిపెట్టుకోండి."

రెడ్డి చెవులు 'దౌడు' దగ్గరే ఆగిపోయాయి.

డాక్టరు అటు వెళ్ళగానే సత్యానందం లేచి కూర్చున్నాడు. "గంటైందా అప్పా? ఏం కాలేదు, మింగొచ్చు."

అంతలో అవతల పార్టీ నుంచి మనిషి వచ్చాడు, చేతిలో శవానికి వేసే బంతిపూల దండ. శవమే గడపలో నిలబడి ఉండేసరికి ఏం చెయ్యాలో తోచక, తెచ్చిన దండను దాని మెడలోనే వేసి పరుగెత్తాడు. దద్దుర్లు చెవులదాకా పాకాయి.

"మూడు మాత్రలు తే పార్వతీ."

"అర మాత్రన్యాడు గదా డాక్టరు?"

"అది తిరగలి నిదానమైనోళ్ళకు. నా తిరగలికి ఒకటేం ఆనుతాది?"

సత్యానందం మింగి చూపిన మాత్రే కాబట్టి ఇక రెడ్డికి అనుమానం లేదు. మూడూ మింగి జీపెక్కాడు. డమ్మీ అభ్యర్థిగా పార్వతమ్మ కూడా ఎక్కింది. అసలు నామినేషన్ చెల్లకపోతే ఆసరాకు భార్య పేరున ఇంకొకటి వెయ్యడం మామూలే. ఆమె సంతకం రాత్రే అయిపోయింది. తన సంతకం మాత్రం శుభఘడియలో, ఆఫీసరు ముందే పెడతానని రెడ్డి పట్టుబట్టాడు.

జమ్మలమడుగు పొలిమేరలో ఆయన తల సత్యానందం భుజం మీద వాలింది. ఆఫీసు ముందు నలుగురు గంటసేపు కుదిపారు, ముఖాన నీళ్ళు చల్లారు. చేతిలో కలం పెడితే దాన్ని లేని దిండు కింద దోపబోయాడు. గడియారం మూడుకు పది నిమిషాలు చూపుతోంది.

"సంతకం లేని కాగితం తీసుకోనమ్మా," అన్నాడు ఆఫీసరు.

"సంతకముండేదే తీసుకో నాయనా," అని పార్వతమ్మ తన కాగితం ముందుకు జరిపింది.

రెడ్డి మర్నాడు సాయంత్రానికి కళ్ళు తెరిచాడు.

"నామినేషన్ పడిందా?"

"పడింది."

"నేనుండంగ ఆ కుర్చీ మనిల్లు దాటి యాడికి పోతాది?"

"యాడికీ పోదు," అంది పార్వతమ్మ. మొగుడి మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆమెకు లేదు.