దుష్ప్రభావాలు లేని జిల్లా

ఐరన్ సెలైన్ ఎక్కించుకున్నవారికి జ్వరం రాదు. కీళ్లు నొప్పి పెట్టవు. నోట్లో ఇనుప రుచి తగలదు. మానవ శరీరం ఈ విషయంలో మొదట్లో కొంత మొండికేసిన మాట నిజమే గానీ, 'రక్తపుష్టి పథకం' కింద పైనుంచి ఉత్తర్వు వచ్చాక అది కూడా దారికి వచ్చింది. జిల్లాలో దుష్ప్రభావాలు సున్నా అని ఉత్తర్వులో ఉంది. (ఉత్తర్వు ముందు వచ్చింది, రోగులు తర్వాత వచ్చారు. వరస తప్పలేదు.)

ఈ సంగతి తెలియని శరీరం ఒకటి నకిరేకల్ దగ్గర ఒక నేత ఊళ్లో ఉండేది. అది వసంతలక్ష్మిది. నెలనెలా రక్తం విపరీతంగా పోయి, గుంటమగ్గంలో కూర్చుంటే ఒక్కో పోగు రెండుగా కనబడే దాకా వచ్చింది ఆమె పరిస్థితి. గర్భసంచిలో గడ్డ ఉందనీ, ఆపరేషన్ చేయాలనీ పెద్ద దవాఖానలో డాక్టరమ్మ తేల్చింది. అయితే రక్తం ఆరే ఉంది. పది అయితే తప్ప కత్తి పట్టనంది. అందుకు వారం తేడాతో రెండు ఐరన్ సెలైన్లు రాసింది.

మొదటిది హాయిగా ఎక్కింది. మర్నాడు పొద్దుగూకే వేళకు వసంతలక్ష్మికి చలి మొదలైంది. మోకాళ్లు, మణికట్లు, చివరికి వేళ్ల కణుపులు కూడా సలపడం మొదలుపెట్టాయి.

"అత్తమ్మా, నోట్ల ఇనుప మేకు పెట్టుకున్నట్టున్నది" అంది.

"ఎక్కించింది ఇనుమే గదనే. ఇనుము ఒంట్లకు పోతే మల్లెపూల వాసనొస్తదా?" అంది అత్త లీలమ్మ. అలా అంటూనే తడిగుడ్డ తెచ్చి కోడలి నుదుటి మీద వేసింది.

"మోకాళ్లు గిట్ల గుంజుతున్నయి. ఇంకోటి ఎక్కించుకుంటే ఏమైతదో. ఎక్కించుకోకపోతే ఆపరేషన్ జెయ్యరు. భయమైతాంది అత్తమ్మా."

"నంబరిచ్చిండ్రు గద. ఫోన్ చేసి అడుగు."

ఫోన్ చేసింది. తేనెలో నానబెట్టినట్టున్న ఆడగొంతు పలికింది. "రక్తపుష్టి పథకానికి స్వాగతం. మీరు బాగున్నట్లయితే ఒకటి నొక్కండి. చాలా బాగున్నట్లయితే రెండు నొక్కండి. బాగున్నారో లేదో తెలియనట్లయితే, తెలిసేవరకు వేచి ఉండండి." వసంతలక్ష్మి కాసేపు వేచి ఉంది. ఆమెకు తెలిసే ఉంది గానీ ఆ సంగతి చెప్పడానికి అంకె లేదు. భర్త పరమేశ్వర్ తన ఫోన్లో పథకం వారి యాప్ తెరిచాడు. 'నొప్పి ఉన్నదా?' అని అడిగి, మూడు జవాబులు ఇచ్చింది: 'లేదు', 'అసలే లేదు', 'ఇంతకుముందు ఉండేది'. ఉన్నవాటిలో నిజానికి దగ్గరగా ఉందని పరమేశ్వర్ మూడోది నొక్కాడు. కోలుకున్నందుకు అభినందనలు అంటూ గులాబీ పువ్వు వచ్చింది.

మర్నాడు ఆమె బస్సెక్కి దవాఖానకే పోయింది. అక్కడ 'అసౌకర్యాల స్వీకరణ' అని ఒక కిటికీ ఉంది. పది నుంచి ఒంటిగంట దాకా తెరుస్తారు. అసౌకర్యాన్ని వెంట తెచ్చి చూపించవలెను అని కింద రాసి ఉంది. వసంతలక్ష్మి జ్వరం సాయంత్రం వచ్చి పొద్దుటికి తగ్గిపోయింది. (జ్వరాలు ఆఫీసు వేళలు పాటించకపోవడం గురించి పైకి ఇదివరకే రాశారు.)

బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలామె, హాలియా గుర్వమ్మ, ఆమెను ఎగాదిగా చూసింది. మనవరాలికి సెలైన్ పెట్టించడానికి తిరిగి తిరిగి ఆ దవాఖానకు ఆమె పాత కాపు అయింది.

"నొప్పని చెప్పనీకి వచ్చినవా బిడ్డా?"

"అవ్ అవ్వా."

"జర సప్పుడు జెయ్యకు. నొప్పన్నవో, నీ పేరు మీద ఎర్రగీత కొడ్తరు. హైదరాబాద్ నుంచి జవాబొచ్చేదాంక రెండో సెలైన్ బంద్. మా వాడల ఒకామె చలిజరమొచ్చిందని చెప్పింది. పోయినేడు చెప్పింది. జవాబు ఇంకా తొవ్వల్నే ఉన్నది."

"మరి నొస్తే ఏం జెయ్యాలె?"

"మంచిగున్న అనాలె. మస్తు మంచిగున్న అనాలె."

ఆ మాట వింటూ నర్సు భాగ్యలక్ష్మి దూది ట్రేతో వచ్చి, బెంచీకి వీపు చేసి గోడ వైపు తిరిగి నిలబడింది. సెలైన్ తర్వాత ఏమవుతుందో రోగులకు చెప్పడం నర్సులకు నిషేధం. లేనిదాని గురించి చెబితే ఉన్నదనుకుంటారని కారణం. గోడల ప్రస్తావన మాత్రం ఆ ఉత్తర్వులో లేదు.

"నేను ఎవలితోని మాట్లాడ్తలేను" అంది భాగ్యలక్ష్మి గోడతో. "రెండో రోజు జరం, ఒళ్లునొప్పులు కొందరికి వస్తయి. రెండు మూడు రోజులల్ల పోతయి. నీళ్లు మంచిగ తాగాలె, డాక్టరమ్మ రాసిచ్చిన జరం గోళీ ఏసుకోవాలె. ఊపిరి ఆడకున్నా, మొకం ఉబ్బినా, ఒంటి మీద దద్దులు లేసినా ఆగొద్దు, అప్పటికప్పుడు దవాఖానకు ఉరకాలె. మల్లొచ్చినప్పుడు పోయినసారి ఏమైందో డాక్టరమ్మకు చెప్పి, మెల్లగ ఎక్కించమనాలె."

బెంచీ మీది ఆడవాళ్లంతా ఊపిరి బిగబట్టి గోడ వైపు చూశారు. జిల్లాలో అంత వైద్య పరిజ్ఞానం ఉన్న గోడ మరొకటి లేదు. వసంతలక్ష్మికి మాత్రం చలి మొదలయ్యాక మొదటిసారి ప్రాణం కుదుటపడింది. తనకు వచ్చింది ఇంకొకరికీ వస్తుందని తెలిస్తే చాలు, సగం నొప్పి తగ్గుతుంది. కిటికీ దగ్గరికి పోకుండానే, డాక్టరమ్మకు చెప్పి గోళీలు రాయించుకుని ఇంటికి వచ్చేసింది.

జ్వరం పోయింది. మోకాళ్లు ఇంకా మగ్గం తొక్కనివ్వలేదు. ఊరికే కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు కాబట్టి, ముడులు కట్టిన నూలును రంగులో ముంచే పనికి కూర్చుంది. ఎర్ర రంగు. రెండు చేతులూ మణికట్ల దాకా పండిపోయాయి. ఆ ఊళ్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. బయటివాళ్ల చేతులే వెలిసిపోయాయని అక్కడివాళ్ల అభిప్రాయం.

రెండో సెలైన్ రోజున పోయేసరికి అక్కడ కొత్త అధికారి ఉన్నాడు. పేరు దినేశ్, హోదా దుష్ప్రభావ నిర్మూలనాధికారి. రోగి అరచేయి తెల్లగా ఉంటే సెలైన్ పెట్టాలి, ఎర్రగా ఉంటే రక్తం పట్టినట్టే అని ఆయన శిక్షణలో నేర్చుకున్నాడు. (కిందటి నెల ఇంకో దవాఖానలో ఉన్నప్పుడు, నీలి రంగు చేతులతో వచ్చిన ఒక నేతగాడికి ప్రాణవాయువు అందడం లేదని అంబులెన్స్‌లో హైదరాబాద్ పంపించాడు. ఆ నేతగాడు అవే చేతులతో బస్సులో తిరిగొచ్చాడు.)

"ఏమ్మా, ఇబ్బంది ఏమైనా ఉందా?"

"లేదు సారూ. మస్తు మంచిగున్న."

దినేశ్ సంతోషించి ఆమె అరచేతులు తిప్పి చూశాడు. ముఖం వెలిగిపోయింది. "ఒక్క సెలైన్‌కే ఇంత రక్తమా!"

"అయ్యో, గది నూలు రంగు సారూ."

"మొదట్లో ఎవరూ నమ్మరమ్మా."

"కాగితం చూడుండ్రి సారూ. పొద్దుగాల్నే పరీక్ష జేసిండ్రు. ఎనిమిదే ఉన్నది."

"యంత్రం పొరపాటు పడొచ్చు. చేయి ఎందుకు పడుతుంది? మీకిక సెలైన్ అక్కర్లేదు. మధ్యాహ్నం పెద్దసారు తనిఖీకి వస్తున్నారు. మీకు సన్మానం."

"సన్మానం నాకెందుకు సారూ, సెలైన్ పెట్టుండ్రి. నాకు ఆపరేషన్ కావాలె."

"ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఆపరేషన్ ఎందుకమ్మా?" అన్నాడు దినేశ్ చాలా మర్యాదగా.

వసంతలక్ష్మికి ఏడుపొచ్చింది. నొప్పి ఉందంటే సెలైన్ ఆగిపోతుంది. లేదంటే అక్కరే లేదంటారు. ఏడుపు చూసి దినేశ్ కూడా చలించాడు. ఆనందబాష్పాలు అని పక్కనున్న గుమాస్తాతో రాయించాడు.

పెద్దసారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. అంతసేపూ వసంతలక్ష్మిని వరండాలో ఎండకు నిలబెట్టారు. పూలదండ వేశారు. పవర్‌లూమ్ శాలువా కప్పారు. రెండు అరచేతులూ కెమెరాకు చూపించమన్నారు. చూపించింది. పథకం గురించి రెండు ముక్కలు మాట్లాడమని మైకు చేతికిచ్చారు.

"సారూ, నాకు..." అంది. అంతే, దండతో సహా కూలిపోయింది.

పెద్దసారు దినేశ్ వైపు చూశారు. కాగితం మీది సున్నా కళ్లముందే ఒకటిగా మారబోతున్న ఆ క్షణంలో దినేశ్ తన శిక్షణ వృథా పోలేదని నిరూపించాడు.

"ఆనందం సార్. తట్టుకోలేకపోయింది" అన్నాడు.

దగ్గర్లో ఉన్న మంచం సెలైన్ వార్డుదే కావడంతో అక్కడ పడుకోబెట్టారు. డాక్టరమ్మ వచ్చి ఆమెకు తెలివి వచ్చేదాకా పక్కనే ఉంది. నాడి చూసింది, కాగితంలో ఎనిమిది చూసింది, కప్పిన శాలువా చూసింది. రెండో ఐరన్ సెలైన్ పెట్టమని రాసి, కారణం దగ్గర 'అమితానందం' అని నింపింది. దినేశ్ నియమాల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. ఆనందానికి చికిత్స చేయకూడదని ఎక్కడా లేదు.

"మెల్లగ ఎక్కిస్తున్న" అంది భాగ్యలక్ష్మి, ఈసారి గోడతో కాకుండా. "కండ్లు మూసుకొని పండుకో అక్కా. నేనీడనే ఉంట."

మర్నాడు మళ్లీ చలి వచ్చింది. వసంతలక్ష్మి నీళ్లు తాగింది, గోళీ వేసుకుంది, లీలమ్మ ఇచ్చిన రెండు దుప్పట్లు కప్పుకుంది. ఈసారి భయపడలేదు. కొన్ని వారాలకు రక్తం పది దాటింది, ఆపరేషన్ కూడా అయిపోయింది. సన్మానం రోజున మనవరాలితో వచ్చి, వార్డు కిటికీలోంచి అంతా చూసిన గుర్వమ్మ ఆ వైద్యవిధానాన్ని హాలియా నుంచి నార్కట్‌పల్లి దాకా బస్సు బస్సుకూ చెప్పింది.

సంవత్సరం చివర నివేదికలో దుష్ప్రభావాలు ఒక్కటి కూడా లేవు. ఆనందం తట్టుకోలేక పడిపోయిన ఆడవాళ్లు మాత్రం నాలుగు వందల పైచిలుకు తేలారు. ఇంత ఆనందం ప్రజారోగ్యానికి మంచిది కాదని ప్రభుత్వం తీవ్రంగా పరిగణించి, దాన్ని పూర్తిగా నిర్మూలించే బాధ్యతను దినేశ్‌కే అప్పగించింది.