దిగాల్సిన నూనె

నరసరావుపేటలో బోరు మోటార్లు అమ్మే ధనుంజయరావు ఆ ఆదివారం పొద్దున షాపు తెరవలేదు. భార్య రాఘవమ్మకు ఆ వారంలోనే మోకాలి ఆపరేషన్. మళ్లీ ఎన్ని నెలలకు మెట్లు దిగగలదో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. ఎత్తిపోతల జలపాతం చూపిస్తానని పెళ్లయిన కొత్తలో ఆమెకు మాటిచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎవరిదో ఒకరి మోటారు కాలిపోయి ఆ మాట వాయిదా పడుతూనే ఉంది. ఇక ఇవాళ తీసుకెళ్లకపోతే లేనట్టే.

ఆయన దగ్గరున్నది పాత డీజిల్ కారు. చిన్న ఎత్తు వచ్చినా ఆయాసపడుతుంది. అందుకని మెకానిక్ అబ్దుల్ మజీద్ చేత దానికి టర్బో పెట్టించాడు. ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా తోసి బలమిచ్చే సరంజామా అది. బండి అప్పగిస్తూ మజీద్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"ఈ సన్న పైపులో ఇంజిన్ నూనె టర్బోకి వచ్చుద్దన్నా. పనయ్యాక ఈ లావు గొట్టంలోంచి కింద నూనె ఛాంబర్‌లోకి దానంతటదే దిగిద్ది. దీన్ని మాత్రం ముట్టుకోమాక."

ముట్టుకోవద్దన్న వస్తువు మీదే ధనుంజయరావు చెయ్యి పడుతుంది. పొద్దున్నే వంగి చూస్తే ఆ గొట్టం కిందికి వేలాడుతున్నట్టు కనిపించింది. స్పీడ్ బ్రేకరుకు తగిలి తెగిపోతుందని షాపు తీగతో జానెడు పైకి లాగి కట్టాడు. పట్టకారుతో మూడు మెలికలు కూడా తిప్పాడు. నాలుగు వందల అడుగుల లోతునుంచి నీళ్లే ఎక్కుతుంటే నూనె జానెడు ఎక్కదా అన్నది ఆయన లెక్క. బోరులో తోయడానికి మోటారుంటుంది, ఈ గొట్టంలో తోసేవాళ్లెవరూ లేరు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. తట్టినా ఒప్పుకునే మనిషి కాదు.

ఏడింటికి పులిహోర డబ్బాతో రాఘవమ్మ ముందు సీట్లో కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. కారు సందు మలుపు తిరిగేసరికి వెనకాల తెల్లటి పొగ లేచింది. పక్కింటి రజియా గబగబా మంచినీళ్ల బిందె మీద మూతపెట్టి గుమ్మంలోకి వచ్చింది.

"బాబాయ్, దోమల మందు కొట్టే పని నీకిచ్చారా? మా దొడ్లోకి కూడా రెండు నిమిషాలు తిప్పు!"

"ఏందండీ ఈ పొగ?" అంది రాఘవమ్మ.

"కొత్త టర్బో గదే. నాలుగు మైళ్లు పోతే అదే తగ్గిద్ది."

తగ్గలేదు సరికదా చిక్కబడింది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల మధ్య మాత్రం ఆ పొగను ఎవరూ పట్టించుకోలేదు. దాంతో తగ్గిపోయిందనుకుని ధనుంజయరావు ధైర్యంగా స్పీడు పెంచాడు. ఊరు దాటాక వెనక వస్తున్న లారీ డ్రైవరు నానికి రోడ్డు కనపడలేదు. కారు అంటుకుందనుకుని, దాన్ని దాటి లారీ అడ్డంపెట్టి, నీళ్ల డబ్బాతో దూకాడు.

"దిగండి! దిగండి! బండి తగలబడతంది!"

ఆ కేక విని పక్క మిరపచేలో మందు కొడుతున్న ఇద్దరు రైతులు వీపున స్ప్రేయర్లతోనే పరిగెత్తుకొచ్చారు. వాటిలో ఉన్నది నీళ్లా మందా అని ఎవరూ అడగలేదు. రెండు నిమిషాల్లో కారూ, పులిహోరా, కొత్త చీరా తడిసి ముద్దయ్యాయి. మంట మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

ఫోను చేస్తే మజీద్ బైకు మీద గంటన్నరలో వచ్చాడు. వచ్చీ రాగానే కారు కిందికి దూరాడు. దిగే దారి లేక నూనె టర్బోలో నిండి, సైలెన్సర్లోకి పారి కాలుతోంది. తీగ విప్పి బయటికొచ్చి ధనుంజయరావు వంక చూశాడు. ఆయన మిరపచేను వంక శ్రద్ధగా చూస్తున్నాడు. మజీద్ తీగను జేబులో కుక్కుకున్నాడు.

"నాదే పొరపాటు వదినా. గొట్టం సరిగ్గా బిగించలా."

జేబులోంచి మూడు మెలికలు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. ఇంట్లో గేటు నుంచి కుక్కరు పిడి దాకా అన్నీ ఆయన తిప్పిన అలాంటి మెలికల మీదే నిలబడ్డాయి కాబట్టి రాఘవమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె కొంగు పిండుకుంటూ ఊరుకుంది. నాని మాత్రం ఊరుకోలేదు.

"ఏందయ్యా, పని రాకపోతే షెడ్డు మూసుకో! ఇద్దరు పెద్దోళ్లను రోడ్డున తగలేసేవాడివి గదా!"

మజీద్ తల దించుకున్నాడు. ధనుంజయరావు రెండుసార్లు దగ్గాడు.

"ఒరేయ్ నానీ, ఆయన్ననమాక. ఆ గొట్టం కట్టింది నేను. ముట్టుకోవద్దని చెప్పినా వినలా. తప్పు నాదే."

రాఘవమ్మ కొంగు పిండడం ఆపేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మందు ఘాటుకేమోనని రైతులు నొచ్చుకున్నారు.

మజీద్ నూనె పోసి బండి స్టార్టు చేస్తే పొగ కాసేపటికి పూర్తిగా ఆగిపోయింది. మధ్యాహ్నం రెండింటికి, భర్త భుజం పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతూ రాఘవమ్మ ఎత్తిపోతల చేరింది. ఎదురుగా జలపాతం కొండ మీంచి నిండుగా దూకుతోంది.

"ఎట్టా ఉందే?" అన్నాడు ధనుంజయరావు, ఆశగా.

"ఉండండి, అక్కకు ఫోన్ చెయ్యాలి."

నాదెండ్లలో ఉన్న అక్క ధనలక్ష్మితో పది నిమిషాలు మాట్లాడింది. "నలుగురి ముందరా అన్నాడక్కా, తప్పు నాదేనని! నీ మీదొట్టు! నేనసలు ఏమీ అన్లా, ఆయనే అన్నాడు!" అంటూ మొదటినుంచీ మళ్లీ చెప్పింది. చెబుతూనే పక్కనున్న ఆయన చెయ్యి పట్టుకుంది.

వెనకాల ఆ హోరేందని అడిగింది ధనలక్ష్మి.

"ఏదో, నీళ్లు పడతన్నయ్‌లే అక్కా," అంది రాఘవమ్మ.