సితారు తీగల తుప్పుకు నమస్కారం

మనిషికి దేవుడిచ్చిన వరాల్లో తుప్పును మించింది లేదు. నవ్వకండి! గాలి, నీరు, వెలుతురు అందరికీ ఇచ్చాడు. తుప్పును మాత్రం వస్తువును ప్రాణంగా చూసుకునే మహానుభావులకే ఇచ్చాడు. నమ్మకం కుదరకపోతే నాందేడులో మా పక్కింటి సర్కారు కచ్చేరీ గుమాస్తా బాబురావు సంగతి వినండి.

బాబురావు ఇంట్లో ఒక సితారు ఉంది. నిజానికి అది ఆయన భార్య సుమిత్రాబాయిది. బిలోలిలో తండ్రి దగ్గర నేర్చుకుని, పెళ్ళయ్యాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని బండిలో ఈ ఊరికి వచ్చింది. వచ్చిన వానాకాలమే ఒక తీగ మీద ఆవగింజంత తుప్పు మరక కనబడింది. అంతే! బాబురావుకు పుట్టినందుకు ఒక పని దొరికింది.

"ఈ మరక పోయేదాంక ముట్టకు. పోయినంక ఎంతసేపన్న వాయించు," అన్నాడు.

ఆ మాట అన్నది పదకొండేళ్ళ కిందట.

మీరే ఆలోచించండి. డ్యూటీ దిగిన గుమాస్తాలు ఏం చేస్తారు? పేకాడతారు, పై అధికారిని తిట్టుకుంటారు, కుదరబోయే సంబంధాలు చెడగొడతారు. బాబురావుకు ఆ తీరికేదీ? చింతపండు నానబెట్టాలి, బూడిద జల్లించాలి, తీగతీగనూ తోమాలి, కడగాలి, తుడవాలి. ఇత్తడి బిందెకు మెరుపు తెచ్చే చింతపండు సితారు తీగకు మాత్రం ఎందుకు తేదు? తెచ్చేది కూడా! సాయంత్రం తోమితే తళతళలాడేవి. పొద్దున చూస్తే నిన్నటి మరక పక్కన దాని తమ్ముడు! మర్నాడు ఇంకొంచెం పాత చింతపండు, ఇంకొంచెం మెత్తటి బూడిద. ఇంత క్రమశిక్షణ ఏ పాఠశాల నేర్పగలదు?

సుమిత్రాబాయి ఒకసారి చెప్పిచూసింది.

"ఇనుముకు పులుపు పడదు. నా కత్తిపీటకు చింతపండు తాకిందంటె తెల్లారేవరకు ఎర్రగైతది."

"గిన్నెల సంగతి నీకెరుక, ఒప్పుకుంట. సంగీతం సంగతి నీకేమెరుక?" అన్నాడు బాబురావు.

ఆ ఇంట్లో సంగీతం తెలిసిన ఒకే ఒక్క మనిషితో ఆయన అన్న మాట ఇది.

తప్పంతా గోదావరి గాలిదని తేల్చాడు. ఏటివైపు కిటికీలు మేకులు కొట్టి మూసేశాడు. చలికాలంలో ఇంట్లో ఉన్న ఒక్క గొంగడీ సితారుకు కప్పి, తాను ముడుచుకుని పడుకున్నాడు. ఎదురింటి రఖమాబాయి పసుపు కుంకుమలకు వస్తే, గుమ్మంలోనే ఆపి చేతులు కడిగించి, తుడిపించి, ఎండలో ఆరబెట్టించి మరీ లోపలికి పంపాడు. తుప్పు లేకపోతే మా వీధికి ఇంత శుభ్రత ఎక్కడిదండీ?

సుమిత్రాబాయి మాత్రం ప్రతి పండక్కీ ఒకే ప్రశ్న వేసేది: "మరక పోయిందా?" పోలేదని తెలుసుకుని వంటింట్లోకి వెళ్ళేది. జొన్నరొట్టె చరుస్తుంటే ఆమె వేళ్ళు పిండి మీద ఏదో వాయించేవని మా ఇంటావిడ చెప్పింది. విని నాకు బాధేసింది. కానీ తుప్పును పొగడటానికి కూర్చున్నవాడు బాధపడితే ఎట్లా?

పదకొండో ఏడు దసరా ముందు, బాబురావు మరింత భక్తిగా తోముతుంటే తీగ ఖంగుమని తెగింది. స్టేషన్ దారిలో వాద్యాలు బాగుచేసే సీతారాంను పిలిపించాడు. ఏం జరిగిందోనని మేమంతా గుమ్మం దగ్గర చేరాం. సీతారాం తెగిన తీగను చూశాడు, వేళ్ళ మధ్య నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేంది సాహెబ్, పులుసు వాసనస్తున్నది?"

బాబురావు పదకొండేళ్ళ సేవను పూసగుచ్చినట్టు చెప్పాడు. సీతారాం చివరిదాకా విన్నాడు.

"రోజు వాయించి, పొడిబట్టతోని తుడిస్తె సాలు. ఈ తుప్పు గోదారి తేలేదు. మీరే తోమి తోమి తెచ్చిండ్రు," అన్నాడు.

కొత్త తీగలు ఎక్కించాడు. "శ్రుతి చూడాలె. ఎవలన్న జర వాయించుండ్రి."

బాబురావు మా వైపు చూశాడు. మేం ఒకరినొకరం చూసుకున్నాం. సుమిత్రాబాయి పిండి చేతులు కడుక్కుని వచ్చి సితారు ఒళ్ళోకి తీసుకుంది. మొదట వేళ్ళు తడబడ్డాయి. రెండుసార్లు ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఆ తర్వాత ఇక ఆగలేదు. రఖమాబాయి వెళ్ళి కిటికీ మేకులు పీకేసింది. నా కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు! వాయింపు అయ్యాక అందరికన్నా ముందు నోరు విప్పింది బాబురావే.

"పదకొండేండ్లు కాపాడిన గద, అందుకే గింత మంచిగ పలికింది."

ఆమె గట్టిగా నవ్వింది. ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం వాయిస్తూనే ఉంది. తీగల మీద మరకన్నది లేదు.

పాపం, బాబురావుకే పని పోయింది. వస్తువును పదకొండేళ్ళు ఎవరి చేతా ముట్టనివ్వని మనిషి ఖాళీగా ఉంటే ఊరు ఊరుకుంటుందా? కొత్తగా పెట్టిన లైబ్రరీ కమిటీ వారు వెతుక్కుంటూ వచ్చి, తాళంచెవులు ఆయన చేతిలో పెట్టారు. ఆరు నెలలైంది. ఒక్క పుస్తకానికి చెద పట్టలేదు. ఒక్క పేజీ నలగలేదు.

ఇట్లాంటి సంరక్షకులను ఒక్క మాటలో ఏమంటారో తెలియక, ఈ వ్యాసం కోసం నిన్న నిఘంటువు అడగడానికి అక్కడికే వెళ్ళాను. బాబురావు బీరువాకు అడ్డంగా నిలబడి, ఎంతో మర్యాదగా అన్నాడు:

"పుస్తకం ఇస్తె నలుగుతది. ఏ మాట గావాల్నో చెప్పుండ్రి, నేనే చూసి చెప్త."