చొక్కా ఉంటే మనిషి ఉన్నట్టే

ఆ గురువారం ఉదయం రోశయ్య వేసుకున్న పథకంలో వంకరేమీ లేదు. తెల్లవారేసరికి బస్సెక్కాలి, గుంటూరంతా తిరిగి చూడాలి, దీపాలవేళకు ఇల్లు చేరి గేదె పాలు పితుక్కోవాలి. ఇందులో కొంప మునిగేదేముందని మీరూ అనుకుంటారు, ఆయనా అలాగే అనుకున్నాడు.

రోశయ్యది పర్చూరు దగ్గర వేములవారిపాలెం. మిరప రైతు. బస్సు అంకమ్మరావుది. మూఢమొచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోవడంతో అంకమ్మరావు బస్సుకు పని లేకుండా పోయింది. ఊరికే నిలబెట్టడమెందుకని, గుంటూరు పట్టణ సందర్శనం అని ఓ అట్ట రాయించి, రేకు గొట్టం ఒకటి చేతబట్టుకుని పల్లెల మీద పడ్డాడు. గుంటూరులో చూడ్డానికేముందయ్యా అన్నవాళ్ళకు "హైకోర్టుందండీ! ఎంత కొట్లాడి తెచ్చుకున్నాం, చూడకపోతే ఎట్టా?" అన్నాడు. ఆంధ్ర రాష్ట్రానికి హైకోర్టు గుంటూరులో ఉన్న రోజులవి. కాయలు అమ్ముడుపోయి ఊరంతా గోళ్ళు గిల్లుకుంటున్న వేసవి కావడాన, పదహారు జంటలు పేర్లిచ్చాయి. ముప్ఫై రెండు సీట్లు, ముప్ఫై రెండు మంది.

అసలు ఈ ప్రయాణం రోశయ్య భార్య చెంచమ్మ కోసం. ఆమె కాపరానికి వచ్చి ఇరవై రెండేళ్ళు. మొగుడితో తిరగని క్షేత్రం లేదు, ఏ క్షేత్రంలోనూ సామాను తప్ప మరొకటి చూడలేదు. కోటప్పకొండ తిరనాళ్ళలో ఎడ్లబండి కాసింది. సింగరాయకొండలో రోశయ్య నరసింహస్వామిని చూసి వచ్చేదాకా ఆమె రోశయ్య చెప్పులను చూస్తూ కూర్చుంది. ఓడరేవులో ఆయన సముద్రస్నానం చేస్తుంటే బట్టల మూట దగ్గర సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది, ఎందుకంటే మూట మీంచి చూపు తిప్పొద్దని ఆయన గట్టిగా చెప్పాడు. తిరిగొచ్చాక "ఏమున్నయ్యయ్యా?" అని అడిగితే ఒకటే సమాధానం: "ఏముంటయ్యి, మామూలే. నువ్వు చూడాల్సిందేం లేదు."

ఈసారి చెంచమ్మ ముందే తెగేసి చెప్పింది. "నేనూ దిగుతా. నేనూ చూస్తా. సామాను కాయమన్నావో, బస్సులోంచే పుట్టింటికి పోతా."

"సామానే తీసుకుపోవటంలా గదే! చేతులూపుకుంటా పోదాం," అన్నాడు రోశయ్య. అన్న మాట ప్రకారం చేతిసంచీ కూడా తీసుకోలేదు. భుజాన తువ్వాలు, కాళ్ళకు కిర్రుచెప్పులు, ఒంటి మీద చొక్కా, అంతే. పాపం, మాట తప్పే ఉద్దేశం ఆయనకు ఆవగింజంత కూడా లేదు.

బస్సు మొదట ఓ పెద్ద కాలేజీ ముందు ఆగింది. అంకమ్మరావు రేకు గొట్టంలోంచి, "దిగండి, దిగి కళ్ళారా చూడండి!" అని అరిచాడు. ఒక్కరూ కదల్లేదు.

"దిగితే మళ్ళీ ఎక్కటానికి సీటుంటదా?" అని రోశయ్య అడిగాడు.

"ఇది మీ బస్సేనండీ! మీరు తప్ప ఎవరెక్కుతారు?"

"అందరూ అట్టాగే చెప్తారు. మొన్న చీరాల బస్సులో సోడా కోసం దిగాను. తువ్వాలు వేసే దిగాను. వచ్చేసరికి నా సీట్లో ఓ ముసలమ్మ, ఆమె ఒళ్ళో నా తువ్వాలు, తువ్వాల్లో కోడిపెట్ట! పర్చూరు దాకా నిలబడొచ్చా."

బస్సంతా అయ్యో అంది. అలాంటి కథ లేని మనిషి ఆ బస్సులో లేడు. రోశయ్య పక్క సీటు పానకాలు ఏకంగా రెండు కథలు చెప్పాడు. చివరికి తీర్మానమేమిటంటే, తువ్వాలు నోరు లేనిది, దానికో మనిషి తోడుండాలి. రోశయ్య చెంచమ్మ వైపు తిరిగాడు.

"ఒక్క నిమిషం కూర్చోవే. ఇట్టా పోయి అట్టా వస్తా."

"సామాను లేదన్నావుగా?"

"సామాను కాదే, సీటు!"

పదహారు మంది మగవాళ్ళు తువ్వాళ్ళు పరిచి దిగారు. పదహారు మంది ఆడవాళ్ళు తువ్వాళ్ళ పక్కన కూర్చున్నారు. కాసేపటికి మగవాళ్ళు తిరిగొచ్చారు. "ఏమున్నయ్యయ్యా?" అంది చెంచమ్మ. "ఏముంటయ్యి, మామూలే," అన్నాడు రోశయ్య. చెంచమ్మ పళ్ళు నూరింది.

రెండోది పొగాకు కంపెనీ. "తొందరగా చూసి రండయ్యా, తరవాత మేం పోతాం," అంది చెంచమ్మ. సరేనన్నారు. కానీ అట్ట కట్టిన బస్సుకు వెనకవైపు 'పర్చూరు' అన్న పాత బోర్డు అలాగే ఉంది. దాన్ని చూసి ఓ బక్కాయన బెల్లం బుట్టతో ఎక్కి నేరుగా పానకాలు తువ్వాలు మీద కూర్చున్నాడు. పానకాలు భార్య నాంచారమ్మ గోల పెట్టింది. మగవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

"తువ్వాలుంది, కనపళ్ళేదా?" అన్నాడు పానకాలు.

"కనపడిందయ్యా. ఎవరో మర్చిపోయారనుకున్నా. ఒక్క తువ్వాలుంటే మనిషున్నట్టా?" అన్నాడు బక్కాయన.

ఆ గొడవలో ఆడవాళ్ళ వంతు కాస్తా ఎగిరిపోయింది. ఆ ప్రశ్న మాత్రం బక్కాయన దిగిపోయినా బస్సులోంచి దిగలేదు. రోశయ్య దీర్ఘంగా ఆలోచించి, మూడో చోటు రాగానే లేచి నిలబడ్డాడు. తువ్వాలు సీటు వీపు మీద వేశాడు. చొక్కా విప్పి దాని మీద తొడిగి, గుండీలు పెట్టాడు. కిర్రుచెప్పులు సీటు కింద జతగా, కాళ్ళున్నట్టే పెట్టాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. అచ్చం రోశయ్యే. తలకాయ ఒక్కటే తక్కువ.

"ఇప్పుడెవడన్నా కూర్చుంటే మనిషి ఒళ్ళో కూర్చున్నట్టే! చొక్కా ఉంటే మనిషి ఉన్నట్టే, ఏమంటావు అంకమ్మరావూ?"

"ఉన్నట్టేనండీ," అన్నాడు అంకమ్మరావు. బేరం ముఖ్యం కదా. మిగతా పదిహేను మందీ చొక్కాలు విప్పారు.

చెంచమ్మ చెంగు సర్దుకుని లేచింది. "మనిషిని కూర్చోబెట్టావుగా. ఇక పద, నేనూ వస్తా."

"నువ్వొస్తే ఎట్టానే? చొక్కా ఎవడన్నా ఎత్తుకుపోతేనో? కొత్త చెప్పులు!"

అయిపోయింది. చేతులూపుకుంటూ వచ్చిన మనిషి నడిబజార్లో సామాను పుట్టించాడు. చెంచమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చొక్కా పక్కన కూలబడింది.

ఆ మూడో చోటే హైకోర్టు. పదహారు మంది రైతులు బనీన్లతో, ఉత్త కాళ్ళతో, మిట్టమధ్యాహ్నం కోర్టు గేటు దగ్గరికి వెళ్ళారు. గేటు దగ్గరి బంట్రోతు వాళ్ళను ఎగాదిగా చూసి, చొక్కాల్లేకుండా లోపలికి వీల్లేదన్నాడు. చొక్కాలు బస్సులో కూర్చున్నాయని రోశయ్య అన్నాడు. ఈ వాదన సాగుతుండగానే మరో బంట్రోతు వచ్చి, బస్సు ఇక్కడ ఆపకూడదు, తీయండి తీయండి అని అంకమ్మరావును తరిమాడు. సోడా తాగుతున్న అంకమ్మరావు గబగబా ఎక్కి, పెళ్ళివారిని లెక్కపెట్టినట్టు సీట్లు లెక్కపెట్టాడు. పదహారు చీరలు, పదహారు చొక్కాలు. ముప్ఫై రెండు.

"ఓనరుగారూ, అందరూ వచ్చారా?" అని డ్రైవరు జాన్ బాషా అడిగాడు.

"చొక్కాలన్నీ ఉన్నాయి. పోనీ!"

బస్సు కదిలింది. చెంచమ్మకు కిటికీలోంచి గేటు దగ్గర రోశయ్య బనీను స్పష్టంగా కనిపిస్తోంది. ఆపమని చెప్పడానికి నోరు తెరిచింది. పక్కన చొక్కా ఉంది, తువ్వాలుంది, చెప్పులున్నాయి. కాయమన్నవన్నీ భద్రంగా ఉన్నాయి. నోరు మూసుకుంది.

"వదినా, మనోళ్ళు..." అని నాంచారమ్మ గొణిగింది.

"ఇరవై రెండేళ్ళుగా నేను కూర్చోలేదా? కాసేపు ఆళ్ళనీ ఉండనీ," అంది చెంచమ్మ.

నాలుగోది అంకమ్మరావు బావమరిది పనిచేసే ఐసు ఫ్యాక్టరీ. ఆడవాళ్ళు అలవాటుగా కూర్చుండిపోయారు. చెంచమ్మ మాత్రం లేచింది. "మరి సీట్లో?" అన్నారు వాళ్ళు. "మగాళ్ళు కూర్చునే ఉన్నారుగా!" అంటూ చెంచమ్మ చొక్కాల వైపు చెయ్యి చూపి దిగింది. ఇంకేం, పదహారు మందీ బిలబిలా దిగారు.

లోపల ఆమె జీవితంలో చూడనిది చూసింది. మనిషంత ఐసు దిమ్మ, దాని మీంచి పొగలాగా లేస్తున్న చల్లదనం. రోహిణి కార్తె ఎండలో ఆ దిమ్మకు రెండు చేతులూ ఆనించి, "అబ్బ! అబ్బబ్బ!" అని చిన్నపిల్లలా కేకలు పెట్టింది. ఇంకొంచెంసేపు ఉందామని అంకమ్మరావును బతిమాలింది. వచ్చేటప్పుడు పిడికెడు ముక్క కొంగున కట్టుకుంది.

ఇక్కడ కోర్టు గేటు దగ్గర పరిస్థితి వేరు. వెనక్కి తిరిగితే బస్సు లేదు. కాళ్ళు కాలిపోతూ పదహారు మందీ ఒకరి వెనక ఒకరు గోడ నీడనే నిలబడ్డారు. అటువైపు పోతున్న ఓ ప్లీడరు గుమాస్తా ఆగి, "ఏం కావాలయ్యా మీకు?" అన్నాడు.

పెళ్ళాలు బస్సెక్కి పోయారని చెప్పడానికి రోశయ్యకు మనసొప్పలేదు. "మావి మాక్కావాలి! ఇక్కణ్ణుంచి తీసుకుపోయారు!" అన్నాడు రోషంగా.

కోర్టు హైదరాబాదుకు తరలిపోతుందని ఊరంతా గుసగుసలు పోతున్న రోజులు. గుమాస్తాకు ఒళ్ళు పులకరించింది. పల్లెటూరి రైతులు చొక్కాలు త్యజించి, చెప్పులు విడిచి, హైకోర్టు కోసం గేటు ముందు నిలబడ్డారు! "అన్నలారా, చూడండి రైతు బిడ్డల త్యాగం!" అని కేక పెట్టాడు. కాఫీ హోటలు ఖాళీ అయింది. మూఢంలో పనిలేక కూర్చున్న పెళ్ళి బ్యాండువాళ్ళు ఊరికే ఉండలేక వాయిద్యాలతో వచ్చారు. ఎవరో రోశయ్య మెళ్ళో బంతిపూల దండ వేశారు.

"బస్సు జిన్నా టవరు వైపు పోయింది," అని సోడా కొట్టువాడు చెప్పాడు. రోశయ్య అటు పరుగు తీశాడు. తారురోడ్డు కాలుతుంటే నిలకడగా నడవడం ఎవరి తరం? ఆయన ఉరుకు చూసి జనం కూడా ఉరికారు. "హైకోర్టు ఇక్కడే ఉండాలి!" అని వెనక నుంచి అరుస్తుంటే, పానకాలు "ముందు బస్సు ఆపండ్రా!" అని మొత్తుకున్నాడు. జనం అదీ అందుకున్నారు. కాళ్ళు బొబ్బలెక్కిన రోశయ్య కూలబడబోతే ఇద్దరు పిడుగుల్లాంటి కుర్రాళ్ళు భుజాలకెత్తుకున్నారు.

జిన్నా టవరు దగ్గర బస్సు జనంలో ఇరుక్కుంది. అంకమ్మరావు గొట్టం ఎత్తాడు. "అమ్మా, ఎడంపక్కకి చూడండి. ఇదేదో ఊరేగింపు. ఇది టిక్కెట్టులో లేదు, మీ అదృష్టం కొద్దీ కనపడింది. ముందు భుజాల మీదున్నాయన పెద్ద నాయకుడయ్యుంటాడు. దిగి చూస్తారా?"

చెంచమ్మ కిటికీలోంచి చూసింది. బనీను, బంతిపూల దండ, గాల్లో ఆడుతున్న ఉత్త కాళ్ళు. ఆమె చాలాసేపు చూసింది.

"అక్కర్లా. ఇక్కణ్ణుంచే బాగా కనపడతన్నాడు," అంది.

రోశయ్య భుజాల మీంచి దూకి కుంటుకుంటూ బస్సు దగ్గరికి వచ్చాడు. అంకమ్మరావు తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"ఖాళీ లేదండీ. అన్ని సీట్లకీ మనుషులున్నారు."

"ఆ మనిషిని నేనేనయ్యా! రోశయ్యని!"

దండలో ముఖం మునిగిన మనిషిని అంకమ్మరావు పరకాయించి చూశాడు. "రోశయ్యగారు సీట్లోనే ఉన్నారే. అదుగో చొక్కా. చొక్కా ఉంటే మనిషి ఉన్నట్టేనని ఆయనే చెప్పారు."

"ఒసే చెంచూ! చెప్పవే!"

చెంచమ్మ చొక్కా వంక ఒకసారి, మొగుడి వంక ఒకసారి చూసింది. అరికాళ్ళ బొబ్బలు కనిపించి ఆమె మనసు కరిగింది. "మావాడేలే, ఎక్కనీ," అంది. పదహారు మందీ ఎక్కి ఎవరి చొక్కాలు వాళ్ళు తొడుక్కున్నారు. నాయకుల కోసం జనం ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

చివరిది రైల్వే స్టేషను. పైవంతెనెక్కి రైళ్ళు చూడాలట. అంకమ్మరావు గొట్టంలో పిలవగానే చెంచమ్మ లేచింది. రోశయ్యా లేవబోయాడు.

"నువ్వెక్కడికి? సీటు పోద్ది. కూర్చో, ఇట్టా పోయి అట్టా వస్తా," అంది.

పదహారు మంది మగవాళ్ళు కాళ్ళు ఊదుకుంటూ కూర్చున్నారు. ఇట్టా పోయినవాళ్ళు గంటన్నరకు గాని రాలేదు. చెంచమ్మ ముఖం వెలిగిపోతోంది. ఆమె కొంగు చివర ఇంకా తడిగానే ఉంది. రోశయ్య ఆ తడి చూశాడు, కరిగిపోయిన ఐసు సంగతి ఆయనకేం తెలుసు! బస్సు ఊరు దాటి ఖాళీ చేల మధ్య పడేదాకా బిగబట్టుకుని, చివరికి ఉండలేక అడిగాడు.

"ఏమే, ఏం చూశారు?"

"ఏముంటయ్యి, మామూలే," అంది చెంచమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండా. "నువ్వు చూడాల్సిందేం లేదు."

సామాను మాత్రం ఒక్కటీ పోలేదు.